శనిగారికీ మాకూ మధ్య పురుగులు

మా పెరట్లో టెలిస్కోపు ఉందని తెలిసినవాళ్ళు సాధారణంగా ఒకటే ప్రశ్న అడుగుతారు: "ఏం కనిపిస్తుందండీ అందులో?" మొదట్లో దీనికి నేను నిజాయితీగా చెప్పగలిగిన జవాబు కూడా ఒకటే. పురుగులు.

నేను బందరులో ఒక కాలేజీలో కామర్సు చెబుతాను. ఆకాశంతో నాకు వృత్తిపరమైన సంబంధం ఏమీ లేదు. యాభై దాటాక మగవాళ్ళకి ఏదో ఒకటి పట్టుకుంటుంది. కొందరికి షుగరు, కొందరికి రాజకీయాలు. నాకు టెలిస్కోపు పట్టుకుంది. మా ఆవిడ మూడింటినీ పోల్చి చూసుకుని ఏమీ అనకుండా ఊరుకుంది.

టెలిస్కోపు అంటే చాలామంది సినిమాల్లో ఓడ కెప్టెను కంటికి పెట్టుకునేది ఊహించుకుని వస్తారు. మాది అలాంటిది కాదు. నడుమెత్తు లావుపాటి గొట్టం, చెక్కపీట మీద కూర్చుని ఉంటుంది. మూత తీస్తే పైన నోరు తెరుచుకుంటుంది. అడుగున పళ్ళెమంత అద్దం. ఆకాశంలో వెలుతురు నోట్లోంచి దిగి, అద్దానికి తగిలి, మళ్ళీ పైకొచ్చి, గొట్టం పక్కనున్న బెజ్జంలో పెట్టిన ఐపీసు అనే చిన్న కటకంలోంచి మన కంట్లో పడుతుంది. ఈ ఏర్పాటు కనిపెట్టినాయన మహా మేధావి. కాకపోతే కార్తీకమాసంలో ఒక్క సాయంత్రమైనా కృష్ణా డెల్టాలో గడిపినవాడు కాదు.

మా ఇల్లు పెడన వెళ్ళే రోడ్డు మీద, ఊరి చివర. పెరటి గోడ అవతల అంతా వరి. పొట్టకొచ్చినప్పటి నుంచి కోతల దాకా చీకటి పడగానే ఆ చేలల్లోంచి పచ్చదోమ లేస్తుంది, సుడిదోమ లేస్తుంది, పేరు పెట్టడానికి ఎవరూ శ్రమపడని ఇంకా అనేక జాతులు లేస్తాయి. ఇవన్నీ వెలుతురున్న చోటికి వస్తాయి. ఆ రోజుల్లో మా వైపు లైటు కింద కూర్చుని మజ్జిగన్నం తినడం శాకాహారులకి అంత మంచిది కాదు.

అయినా నేనొక్కడినే అయితే సర్దుకుపోయేవాణ్ణి. చంద్రుడి మీద ఒక దోమ నడిచిందని ఎవరికి ఫిర్యాదు చేస్తాం? వ్యవహారం మా అత్తగారి వల్ల సీరియస్ అయింది.

ఆవిడది దివిసీమలో నాగాయలంక దగ్గర పల్లెటూరు. మావయ్యగారు పోయాక మా దగ్గరే ఉంటున్నారు. టెలిస్కోపు వచ్చిన వారానికి పెరట్లో దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి అడిగారు.

"అల్లుడుగారూ, దీంట్లో శని కనిపిస్తాడా?"

"కనిపిస్తాడండీ. చుట్టూ రింగుతో సహా."

"అయితే నాకోసారి చూపించండి. ఉగాది లోపల."

"ఉగాది లోపలే ఎందుకండీ?"

"అప్పటికి నన్ను వదిలేస్తున్నాడటగా! ఏల్నాటి శని అయిపోతోంది, పంతులుగారు చెప్పారు. ఏడున్నరేళ్ళు నాతో కాపరం ఉన్నాడు. మోకాళ్ళు తీసుకున్నాడు, మీ మావయ్యగార్ని తీసుకున్నాడు, చూడిగేదెని తీసుకున్నాడు. పోయేముందు మొహమైనా చూడొద్దూ?"

ఆ వరసలో మావయ్యగారు గేదె కన్నా ముందు వచ్చినందుకు నేను లోలోపల సంతోషించాను. కానీ ఆవిడ నవ్వడం లేదు. ఇన్నేళ్ళూ తనకి జరిగినదానికి కారణమని అందరూ చెప్పిన ఒక మనిషిని ఎదురుగా నిలబెట్టి చూడాలని ఆవిడకి గట్టిగా ఉంది. పాపం, అడిగినది కూడా ఆ ఒక్కటే. టీవీ కూడా అడగరు ఆవిడ.

నేను లెక్క చూసుకున్నాను. పంచాంగం ప్రకారం శనిగారు రాశి మారేది ఉగాదికి ముందే గానీ, ఆకాశంలో ఆయన అంతదాకా ఆగడు. రోజురోజుకీ పడమటికి జారి మాఘమాసం గడిచేసరికి సూర్యుడి వెలుగులో కలిసిపోతాడు. మళ్ళీ కనిపించేసరికి ఆవిడ శని ఆవిడది కాదు, వేరేవాళ్ళది.

మా బావగారికి, అంటే ఆవిడ కొడుక్కి, ఈ ఆలోచనే నచ్చలేదు. ఆయనకి గుడివాడలో ఎరువులూ పురుగుమందుల షాపు ఉంది. మనిషి ఎండ్రిన్ డబ్బాలాగా గట్టివాడే గానీ, శని మాటెత్తితే గొంతు తగ్గిస్తాడు.

"గుళ్ళో కూడా ఆయనకి ఎదురుగా నిలబడరమ్మా, పక్కనుంచి దణ్ణం పెట్టుకుని వస్తారు. నువ్వేంటి, భూతద్దం పెట్టి మరీ చూస్తానంటావు?"

"ఆయన మనల్ని చూస్తే మనకి కష్టంరా. మనం ఆయన్ని చూస్తే కష్టం ఆయనకి," అన్నారు అత్తగారు.

దీనికి జ్యోతిష్యం తెలిసినవాళ్ళ దగ్గరైనా జవాబు ఉంటుందని నేననుకోను.

చూడ్డం శనివారమే చూడాలని అత్తగారి నియమం. ఆయన రోజు ఆయనకి మర్యాద. కార్తీకంలో మొదటి శనివారం మేం పకడ్బందీగా ఏర్పాట్లు చేశాం. పెరటి లైటు తీసేశాం. వంటింటి లైటు తీసేశాం. పక్కింటివాళ్ళని బతిమాలి వాళ్ళ మేడమీది బల్బు ఆర్పించాం. వీధిలైటు వెలుతురు పడకుండా దండెం మీద దుప్పటి ఆరేశాం. ఫోన్లన్నీ ఇంట్లో పెట్టేశాం. అత్తగారు స్నానం చేసి, తులసికోట దగ్గర శనిగారి పేరున నువ్వులనూనె దీపం పెట్టుకుని, దణ్ణం పెట్టుకుని, స్టూలు మీద కూర్చున్నారు. నేను శనిని గురిచూసి పట్టి, పక్కకి తప్పుకున్నాను.

ఆవిడ కన్ను పెట్టారు.

"కనిపిస్తున్నాడా అండీ?"

"కనిపిస్తున్నాడు. నల్లగా ఉన్నాడు."

శని నల్లగా ఉండడు. నాకు అనుమానం వచ్చింది.

"ఇంకా ఏం కనిపిస్తోందండీ?"

"కాళ్ళు. కాకి మీద వస్తాడన్నారు గదా, కాకి కాళ్ళనుకుంటా. అల్లుడుగారూ, కదుపుతున్నాడు! మనం చూస్తున్నట్టు తెలిసిపోయింది!"

ఐపీసు విప్పి చూస్తే లోపల ఒక పచ్చదోమ, నువ్వుగింజంత. లోపలి అంచు మీద నిలబడి మొహం కడుక్కుంటోంది. అత్తగారు అప్పటికే దానికి దణ్ణం పెట్టేశారు. వెనక్కి తీసుకోలేరు.

ఆ తర్వాతి శనివారం టెలిస్కోపు నోట్లోంచి అన్ని రకాలూ దిగాయి. అద్దం మీద రెక్కలు, గొట్టంలో గిరగిరలు, ఐపీసు మీద నడకలు. ఆవిడకి ఒక్కసారి కూడా శని స్థిమితంగా దొరకలేదు. ఇక లాభం లేదని బావగారికి ఫోన్ చేశాను. తప్పే. పురుగుల గురించి పురుగుమందుల వ్యాపారిని సలహా అడగడం పెళ్ళి గురించి పెళ్ళిళ్ళ పేరయ్యని అడగడం లాంటిది.

"ఎంత విస్తీర్ణం?" అన్నాడాయన.

"గొట్టమండీ బావగారూ. జానెడు."

"లోపల ఒక్క స్ప్రే కొడితే..."

"అద్దానికి పూత ఉంటుంది, పోతుంది."

"పూత ఉన్నప్పుడు కొట్టకూడదు లెండి," అన్నాడు. మామిడితోట విషయంలో ఆయన మాట నిజమే అయ్యుండొచ్చు.

ఆ వారమే బస్సులో సరుకుతో దిగాడు. మొదట పసుపురంగు జిగురు అట్టలు. చేలల్లో కర్రలకి కడతారు, పురుగు వచ్చి అంటుకుంటుంది. పెరడంతా కట్టాం. వాటికి కొంత పురుగూ, మా ఆవిడ చీరచెంగూ, నా జుట్టులో మిగిలినదాంట్లో కొంతా అంటుకున్నాయి. రెండోది దీపపు ఎర. పైన బల్బు, కింద తొట్టిలో కిరసనాయిలు కలిపిన నీళ్ళు. పురుగులు బల్బుకని వచ్చి నీళ్ళలో పడతాయి. బాగా పనిచేసింది. ఎంత బాగా అంటే, అప్పటిదాకా మా ఇల్లెక్కడో తెలియని పురుగులకి కూడా అడ్రసు తెలిసింది. పక్కింటాయన గోడ మీదుగా తల పెట్టి, "మా లైటు ఆర్పించి మీరు ఫ్లడ్‌లైటు పెట్టారేంటండీ?" అని మర్యాదగానే అడిగాడు.

అప్పుడు అత్తగారు రంగంలోకి దిగారు.

"దీనికింత గొడవెందుకు? వాసెన కట్టేస్తే పోలా?"

ఆవకాయ జాడీకి మూత పెట్టి, పైన గుడ్డ కప్పి, మెడ చుట్టూ తాడుతో బిగించి కట్టే కట్టు అది. అత్తగారు కట్టిన వాసెన లోపలికి చీమ కాదు, చీమ ఆలోచన కూడా దూరదు. పెడన నుంచి తెచ్చిన, అచ్చు తప్పిన కలంకారీ ముక్క ఒకటి తీశారు. దానిమీద నెమలికి రెండు తలలు పడ్డాయి. దాన్ని టెలిస్కోపు మూతికి బిగించి కట్టారు. గొట్టం పీటమీద ఠీవిగా, సీమంతానికి కూర్చున్నట్టుంది.

మర్నాడు పొద్దున విప్పి చూస్తే లోపల ఒక ఊరు వెలసి ఉంది. రాత్రి చూడడం అయిపోయాక కట్టాం గదా, అప్పటికే లోపల చేరినవన్నీ లోపలే ఉండిపోయాయి.

"వాసెన తప్పేం లేదు," అన్నారు అత్తగారు నొచ్చుకుని. "అది రానివ్వదు, పోనివ్వదు. ఆవకాయ అయితే ఎక్కడికీ పోదు గనక తెలియదు."

అద్దాన్ని గుడ్డతో తుడవకూడదు. బ్యాటరీల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరు తెచ్చి, పసిపిల్లకి పోసినట్టు నెమ్మదిగా నీళ్ళు పోయాలి. అత్తగారు కాళ్ళు చాపుకుని, అలవాటైన పద్ధతిలో, అద్దాన్ని కాళ్ళమీద వేసుకునే పోశారు. సాంబ్రాణి వెయ్యబోతే నేను ఆపాను. ఆరోజు నుంచి సాయంత్రం వెలుతురుండగానే రబ్బరు తిత్తి నొక్కితే గాలి ఊదే బ్రష్షుతో లోపల దులిపి, వెంటనే వాసెన కట్టి, చీకటి పడ్డాక చూసే ముందే విప్పాలని నియమం పెట్టుకున్నాం. కాస్త మెరుగైంది. అయినా విప్పిన మరుక్షణం ఎక్కడివో వచ్చి వాలేవి. ఎక్కడి నుంచి వస్తున్నాయో అంతుబట్టేది కాదు. పెరడంతా కాటుక చీకటి. తులసికోట దగ్గర అత్తగారి దీపం తప్ప వెలుతురన్నదే లేదు.

ఈలోగా దివిసీమలో ఆవిడ తమ్ముడి మనవరాలి పెళ్ళి వచ్చింది. ఐపీసులు బీరువాలో పెట్టి, గొట్టానికి రెండు తలల నెమలి కట్టి, అందరం వెళ్ళాం. ఏటిగట్టు మీద భోజనాలు, రొయ్యల కూర, అప్పగింతల దగ్గర అందరూ ఏడవడం. వారం ఉండి వచ్చాం.

వచ్చి చూస్తే వాసెన వాసెనలాగే ఉంది. ఐపీసు పెట్టే బెజ్జంలో మాత్రం నున్నగా అలికిన మట్టి. కందిరీగ గూడు కట్టేసింది. ఏ జాడీకీ పక్కన బెజ్జం ఉండదు గనక, అక్కడ కూడా గుడ్డ కట్టాలని మా ఇద్దరికీ తోచనే లేదు.

నేను స్క్రూడ్రైవరు తెచ్చాను. అత్తగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగండి. కందిరీగ గూడు పగలగొట్టకూడదు. ఇంట్లో కడుపు పండే సూచన అది."

నేనూ మా ఆవిడా మొహమొహాలు చూసుకున్నాం. మా వయసుకి అది సూచన కాదు, వార్త. అత్తగారు మా ఇద్దర్నీ పక్కన పెట్టి, హైదరాబాదులో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేశారు.

"ఏమే, ఏమన్నా విశేషమా?"

"ఎవరు చెప్పారు అమ్మమ్మా, కందిరీగా?" అంది అది. దానికి వాళ్ళమ్మ అప్పటికే మెసేజి పెట్టింది.

"మరి శనిగారండీ?" అన్నాను. "రోజులు దగ్గర పడుతున్నాయి."

అత్తగారు గూటి వంకా పడమటి వంకా మార్చి మార్చి చూశారు. అది ఆవిడకి తేలిక కాలేదని నాకు తెలిసింది. "పోయేవాడి కోసం వచ్చేదాన్ని చంపుతామా?" అన్నారు చివరికి. "పిల్ల బయటికి ఎగిరేదాకా చూద్దాం. అప్పటికి ఉంటే చూస్తాను. లేకపోతే నాకింతే ప్రాప్తం."

ప్రాప్తం అన్నమాట ఆవిడ నవ్వుతూనే అన్నారు గానీ, ఆ తర్వాత రోజూ పొద్దున కాఫీకి ముందు గూడు దగ్గరికెళ్ళి చూసేవారు. సాయంత్రం పడమర చూసేవారు. కోతలైపోయాయి, చేలో మినుములు మొలిచాయి. శని మాత్రం కిందకి దిగుతూనే ఉన్నాడు. ఆయన పక్కకి శుక్రుడు వచ్చి తళతళా వెలుగుతుంటే, దారినపోయే ప్రతివాడూ వాణ్ణే చూసి శని అనుకునేవాడు. నేను కాలేజీలో బ్యాలెన్స్ షీటు చెబుతూ చెబుతూ కందిరీగ పిల్ల ఎన్నాళ్ళకి ఎగురుతుందో ఆలోచించేవాణ్ణి.

ఒక శనివారం పొద్దున అత్తగారి కేక వినిపించింది. గూటికి గుండ్రటి కన్నం పడింది. లోపల ఖాళీ. నేను మట్టి తీసి బెజ్జం శుభ్రం చేసేలోపల ఆవిడ తలంటు పోసుకున్నారు. కబురు పెట్టగానే బావగారు కూడా మధ్యాహ్నానికి గుడివాడ నుంచి దిగాడు. చూడ్డానికి కాదట, అమ్మకి తోడుగా ఉండటానికట.

పొద్దుగూకింది. పద్ధతి ప్రకారం దులిపాం, కట్టాం. లైట్లు తీశాం. దుప్పటి ఆరేశాం. అత్తగారు దీపం పెట్టుకుని స్టూలెక్కారు. నేను వాసెన విప్పాను. చలికాలం గదా, పురుగులు తగ్గి ఉంటాయనుకున్నాం. తగ్గాయి కూడా. ఉన్నవన్నీ మాత్రం తిన్నగా మా మీదికే వచ్చాయి. ఒక రెక్కల పురుగు నేరుగా గొట్టంలోకి దిగి అద్దం మీద కూర్చుంది.

"ఇంత చీకట్లో వీటికి ఎలా తెలుస్తుందండీ మనమిక్కడున్నామని?" అన్నాను విసుగ్గా.

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "అమ్మా, ఒకటడుగుతాను. దీపం ఎవరికి పెట్టావు?"

"శనిగారికి."

"చూడబోయేది ఎవర్ని?"

"శనిగారినే. ఏం?"

"దీపం దగ్గరికి వచ్చేవి ఏంటి?"

నలుగురం తులసికోట వైపు తిరిగాం. నువ్వులనూనె దీపం నిండుగా వెలుగుతోంది. దాని చుట్టూ పురుగులు, అక్కడి నుంచి మూరెడు దూరంలో మా టెలిస్కోపు నోరు. వీధిలైటుకి దుప్పటి కప్పినవాళ్ళం, పక్కింటి బల్బు ఆర్పించినవాళ్ళం, ఇన్ని శనివారాలు ఈ దీపాన్ని లెక్కలోకి తీసుకోలేదు. దీపం లైటెలా అవుతుంది? అది పూజ. కామర్సులో పీజీ చేసిన నాకూ, పురుగులకి దీపపు ఎర అమ్మే మా బావగారికీ కూడా అలాగే అనిపించింది.

"మా షాపులో ఇదే సూత్రం," అన్నాడు బావగారు నెమ్మదిగా.

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేంరా?"

"దేవుడి దీపం గురించి ఎలా చెబుతానమ్మా!"

ఆర్పడానికి లేదు. పెట్టిన దీపాన్ని చేత్తో కొండెక్కించడం ఆ ఇంట్లో జరగదు. అటు శని కొబ్బరి మట్టల మీదికి దిగుతున్నాడు. అత్తగారు ఒక్క క్షణం ఆలోచించారు.

"ఒరేయ్, నువ్వెలాగూ చూడవుగా. దీపం తీసుకెళ్ళి వీధరుగు మీద పెట్టి, అక్కడే కాపలా కూర్చో. గాలికి ఆరిపోతే ఊరుకోను."

బావగారు ప్రమిదని రెండు చేతులా పట్టుకుని, వెలుగుకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ సందులోంచి వీధివైపు బయల్దేరాడు. పురుగులన్నీ ఆయన వెంట కదిలాయి. తల చుట్టూ, భుజాల మీద, ముందొకటి వెనకొకటి, ఊరేగింపుగా వెళ్ళాయి. జీవితమంతా వాటిని చంపే సరుకు అమ్మిన మనిషి, వాటికి దారి చూపిస్తూ వెళ్తుంటే మా ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

పెరడు చల్లగా, ఖాళీగా అయిపోయింది. నేను అద్దం మీద పురుగుని ఆ బ్రష్షుతో సాగనంపి, శనిని మళ్ళీ పట్టుకుని, తప్పుకున్నాను.

అత్తగారు కన్ను పెట్టారు. భూమి తిరుగుతుంది గనక శని నెమ్మదిగా పక్కకి జరిగిపోతుంటాడు, గొట్టాన్ని వేలితో తోసుకుంటూ ఉండాలి. నేను చెప్పకముందే ఆవిడ వేలు గొట్టం మీదికి వెళ్ళింది. ఆయన జరిగినప్పుడల్లా మెల్లగా వెనక్కి తెచ్చుకున్నారు.

"ఇంతేనా," అన్నారు చాలాసేపటికి. ఆ మాటలో నిరాశ లేదు. ఊరంతా భయపెట్టిన కరణంగారిని మొదటిసారి ఇంట్లో లుంగీతో చూసినవాళ్ళు అలాగే అంటారు. "శనగగింజంత ఉన్నాడు. పసుపుగా, ముద్దుగా. మధ్యలో సూది గుచ్చినట్టుంది."

"అదేనండీ రింగు. ఈ ఏడు అంచు మనవైపు తిరిగింది, అందుకే సూదిలా ఉంది. మిగతా ఏళ్ళలో వెడల్పుగా ఉంటుంది."

"చిక్కిపోయాడన్నమాట." మళ్ళీ కన్ను పెట్టారు. "ఏం నాయనా," అన్నారు గొట్టంలోకి, మాకు వినబడేలాగానే. "ఇంత దూరాన, ఇంత చిన్నగా ఉండి, నువ్వా నా మోకాళ్ళు తీసుకుంది? నేను నమ్మను. ఎవరో నీ పేరు చెప్పుకుని తీసుకుని ఉంటారు."

మావయ్యగారి మాట ఎత్తలేదు. కొంగుతో కన్ను తుడుచుకుని, ఐపీసుకి తడి అంటిందేమోనని నన్ను అడిగారు. అంటలేదన్నాను. అంటింది. ఆ తడిని తుడవడం నాకేం కష్టం కాదు.

వీధరుగు మీంచి బావగారి గొంతు వినిపించింది. "కనిపించాడా అమ్మా?"

"కనిపించాడు. రా, నువ్వూ చూడు."

"నేనెందుకు!"

"ఎందుకేంట్రా! నీది మేషరాశి. ఉగాదికి ముందు నన్ను వదిలి పట్టుకునేది నిన్నేగా. ముందే మొహం చూసి ఉంటే మంచిది."

తర్వాత ఆయన వచ్చాడు, దీపం లేకుండా, చొక్కా మీద నాలుగైదు పురుగులతో. మా ఆవిడ వాటిని దులిపి లోపలికి రానిచ్చింది. చెప్పులు విప్పి, అటూ ఇటూ చూసి, ముందు ఎడమకన్ను పెట్టబోయి, ఏదో అనుకుని కుడికన్ను పెట్టాడు.

"ఎలా ఉన్నాడురా?"

"బాగానే ఉన్నాడమ్మా," అన్నాడు గొంతు తగ్గించి.

"భయపడకు," అన్నారు అత్తగారు, కొడుకు వీపు మీద చెయ్యేసి. "చూడు ఎంత సన్నంగా ఉన్నాడో. ఎక్కువేం తినడు."